కుండీల్లో ఆకుకూరలు: కొంచెం కొంచెంగా, తరచుగా

కుండీల్లో ఆకుకూరలు పెంచడం సులువని అంటారు. విత్తనాలు మొలిచే వరకు ఆ మాట నిజమే, చిక్కంతా ఆ తరువాతి మూడు వారాల్లో ఉంటుంది. నేలలో పెరిగే మొక్కకు పైమట్టి ఎండితే వేరు ఇంకా లోతుకు దిగుతుంది, ఒక పక్క సారం తరిగితే మరో పక్కకు పాకుతుంది. కుండీలోని మొక్కకు ఆ వెసులుబాటు లేదు. దానికి కావలసిన నీరు, ఎరువు, గాలి, చల్లదనం అన్నీ ఆ పది ఇరవై లీటర్ల మట్టిలోనే ఉండాలి, వాటిలో ఏది అయిపోయినా మనమే అందించాలి. అందువల్ల కుండీ సాగులో నేను పాటించే పద్ధతి ఒక్కటే: విత్తనమైనా, ఎరువైనా, కోతైనా కొంచెం కొంచెంగా, తరచుగా. నీటి విషయంలో మాత్రం దీనికి ఒక మినహాయింపు ఉంది, ఆ సంగతి దాని చోట చెబుతాను.

కుండీ ఎంత లోతుండాలి

ఆకుకూరలకు పెద్ద కుండీలు అక్కర్లేదు, వెడల్పాటివి కావాలి. మెంతికూరకు 10 నుంచి 12 సెంటీమీటర్ల లోతు చాలు. తోటకూర, పాలకూర, చుక్కకూరలకు 15 నుంచి 20 సెంటీమీటర్లు సరిపోతుంది. కొత్తిమీర చూడటానికి చిన్న మొక్కే అయినా దాని తల్లివేరు సూటిగా కిందికి దిగుతుంది కనుక 20 సెంటీమీటర్లకు తగ్గించకపోవడం మంచిది. గోంగూర, బచ్చలి నెలల తరబడి నిలిచే మొక్కలు, వాటికి 30 సెంటీమీటర్ల లోతు ఇవ్వాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు ఉన్న తొట్టిలో 36 లీటర్ల మట్టి పడుతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసం, అంతే ఎత్తు ఉన్న గుండ్రటి గ్రో బ్యాగులో సుమారు 21 లీటర్లు పడుతుంది. లోతు తక్కువైనా తోటకూరకు తొట్టే నయం, ఎందుకంటే అది లోతును కాక పైవైశాల్యాన్ని బట్టి దిగుబడినిచ్చే పంట. అయితే ఆ 36 లీటర్ల తొట్టి తడిసినప్పుడు ఒక్క మనిషి ఎత్తలేనంత బరువు అవుతుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో నింపకముందే తేల్చుకోవాలి, మిద్దె మీదైతే కింద దూలమో గోడో ఉన్న చోట పెట్టాలి.

కుండీ దేనితో చేసినదన్నది రెండో విషయం. మట్టి కుండీ గోడల గుండా కూడా నీరు ఆవిరవుతుంది కనుక వేరు చల్లగా ఉంటుంది, కానీ త్వరగా ఎండుతుంది. ప్లాస్టిక్ కుండీలో తడి నిలుస్తుంది. నల్లరంగు ప్లాస్టిక్ అయితే మండుటెండలో పక్కలు వేడెక్కి, గోడను ఆనుకున్న వేర్లు మాడిపోతాయి. అలాంటి కుండీకి పడమటి వైపు ఒక గోనెపట్టా చుట్టినా, లేత రంగు వేసినా చాలు. థర్మోకోల్ పెట్టెలు పెళుసుగా ఉంటాయి గానీ వేడిని ఆపడంలో వాటికి సాటి లేదు. అల్లిన ప్లాస్టిక్ బస్తాలను మాత్రం నమ్మకూడదు, ఒక ఎండాకాలం గడిచేసరికి అవి చేతిలో పొడిపొడిగా రాలి మట్టిలో కలుస్తాయి. రంగు డబ్బాలను, రసాయనాలు నింపిన డబ్బాలను ఎంత కడిగినా ఆకుకూరలకు వాడకూడదు.

అడుగున చిల్లులు వేలు దూరేటంత పెద్దవి కానక్కర్లేదు. 8 నుంచి 10 మిల్లీమీటర్ల చిల్లులు, 36 లీటర్ల తొట్టికి ఎనిమిది, పది ఉంటే సరిపోతుంది. మట్టి జారకుండా వాటి మీద దోమతెర ముక్క గానీ, కొబ్బరి పీచు గానీ పరచాలి. కుండీ నేలకు అంటుకుని ఉంటే ఎన్ని చిల్లులున్నా నీరు దిగదు కాబట్టి కింద రెండు ఇటుకలు పెట్టాలి.

అడుగున గులకరాళ్లు వద్దు

చాలా మంది కుండీ అడుగున ఒక వరుస గులకరాళ్లు పోస్తారు, నీరు బాగా దిగుతుందని నమ్మకం. నేనూ మొదటి సంవత్సరం అలాగే చేశాను. జరిగేది దానికి విరుద్ధం. సన్నని మట్టి నుంచి పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి నీరు వెంటనే దిగదు, పైనున్న మట్టి పూర్తిగా తడిసి ముద్దయ్యాకే దిగడం మొదలవుతుంది. అంటే అడుగున నిలవాల్సిన తడి పొర రాళ్ల మందమంతా పైకి జరిగి వేర్ల దగ్గరకు వస్తుంది. ఆ సంవత్సరం పాలకూర పసుపెక్కి నిలిచిపోతే కుండీ బోర్లించి చూశాను. రాళ్లు పొడిగా ఉన్నాయి, వాటి మీద నాలుగు వేళ్ల మందాన నల్లటి బురద, అందులోంచి మురిగిన గుడ్ల వాసన. వేర్లు ఆ బురద దాకా వచ్చి గోధుమరంగుకు తిరిగి ఆగిపోయి ఉన్నాయి.

ఈ సంగతి గిన్నెలు తోమే స్పాంజితో ఎవరైనా చూడవచ్చు. స్పాంజిని నీటిలో ముంచి, పడుకోబెట్టినట్టుగా అరచేతి మీద ఉంచితే కాసేపటికి చుక్కలు ఆగిపోతాయి. అప్పుడు పిండకుండా దాన్ని నిలువుగా నిలబెడితే మళ్లీ ధారగా నీరు కారుతుంది. ఎత్తు పెరిగినప్పుడు అడుగున నిలిచే తడి వాటా తగ్గుతుంది. కుండీ మట్టి కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. ఒకే మట్టి నింపిన 10 సెంటీమీటర్ల ట్రేలోనూ 30 సెంటీమీటర్ల కుండీలోనూ అడుగు తడి పొర మందం ఒకటే, కాకపోతే ట్రేలో అది సగం మట్టిని ఆక్రమించవచ్చు. అందుకే లోతు తక్కువైన కొద్దీ మట్టి గుల్లగా ఉండాలి.

మట్టి మిశ్రమం

తోటమట్టిని ఒక్కదాన్నే కుండీలో నింపితే నాలుగు తడులకే గట్టిపడి ఇటుకలా తయారవుతుంది. నేను వాడే మిశ్రమం మూడు సమభాగాలు: ఒక పాలు జల్లించిన ఎర్రమట్టి లేదా తోటమట్టి, ఒక పాలు వానపాముల ఎరువు లేదా బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు. లోతు తక్కువ ట్రేలకు మట్టి తగ్గించి కొబ్బరి పొట్టు పెంచుతాను, కొంచెం ముతక ఇసుక కలుపుతాను. బంకమట్టి తప్ప వేరే దొరకని వారు దాన్ని నాలుగో వంతుకు మించనీయకూడదు. 20 లీటర్ల మిశ్రమానికి ఒక పిడికెడు వేపపిండి కలిపితే వేరు పురుగుల బెడద తగ్గుతుంది.

కొబ్బరి పొట్టు ఇటుకలను నానబెట్టి వెంటనే వాడేయడం తరచూ జరిగే పొరపాటు. అందులో ఉప్పు ఉండవచ్చు. నానబెట్టిన నీటిని పిండి పారబోసి, మరో రెండు సార్లు మంచినీటితో కడిగితే ఆ ఉప్పు చాలావరకు పోతుంది. ఎరువు విషయంలో ఒకే పరీక్ష: చేతిలోకి తీసుకుంటే పేడ వాసన కాక తొలకరి మట్టి వాసన రావాలి, వేడిగా ఉండకూడదు. పచ్చి ఎరువు లేత వేర్లను కాల్చడమే కాక, ఆకులను తినే పంట కనుక క్రిముల ప్రమాదం కూడా తెస్తుంది.

కలిపిన మిశ్రమం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి దాన్ని తడిపి పిడికిట్లో గట్టిగా నొక్కాలి. పిడికిలి విప్పినప్పుడు ముద్ద నిలవాలి, వేలితో తాకగానే విడిపోవాలి. ముద్ద అసలు కట్టకపోతే తడి ఆగదు, తాకినా విడిపోకపోతే గాలి ఆడదు. కుండీని అంచు వరకు నింపకుండా పైన 3 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. నీరు పోసినప్పుడు నిలిచి దిగడానికి ఆ ఖాళీయే ఆధారం.

విత్తనం, విత్తడం

ఒక్కో ఆకుకూర విత్తనానికి ఒక్కో స్వభావం ఉంది, వైఫల్యాల్లో సగం ఇది తెలియకపోవడం వల్లనే.

మనం ధనియం అనుకునేది నిజానికి ఒక విత్తనం కాదు, కాయ. దానిలో రెండు విత్తనాలు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉంటాయి. ధనియాలను గట్టి నేల మీద పోసి చెప్పు అడుగుతోనో, అప్పడాల కర్రతోనో మెల్లగా రుద్దితే రెండు బద్దలుగా విడిపోతాయి, నలిగి పొడి కాకూడదు. ఆ బద్దలను ఒక రాత్రి నానబెట్టి విత్తితే 8 నుంచి 12 రోజుల్లో మొలకలు వస్తాయి. పది రోజులు ఏమీ కనబడకపోయేసరికి విసుగెత్తి నేను ఒకసారి కుండీ మట్టి తిరగేశాను. ప్రతి బద్ద నుంచీ తెల్లటి వేరు దిగి ఉంది, ఇంకో రెండు రోజులు ఓపిక పట్టి ఉంటే సరిపోయేది. కొత్తిమీరను నారు పోసి నాటడం దండగ. తల్లివేరు కదిలితే అది కోపగించి పూతకు వచ్చేస్తుంది.

పాలకూర గింజ కూడా ఒంటరి విత్తనం కాదు. గరుకుగా, కోణాలుగా ఉండే ఆ గింజ రెండు మూడు విత్తనాలు అతుక్కున్న గుత్తి. అందుకే ఒక చోట ఒకటే వేసినా రెండు మూడు మొలకలు లేస్తాయి, వాటిలో బలమైన దాన్ని ఉంచి మిగిలినవి కత్తెరతో కత్తిరించాలి. పీకితే ఉంచిన దాని వేరు కూడా కదులుతుంది. గింజల మధ్య 8 నుంచి 10 సెంటీమీటర్ల దూరం, 1 సెంటీమీటరు లోతు చాలు.

తోటకూర గింజ ఆవగింజ కన్నా చిన్నది. చిటికెడు తీసి చల్లితే ఒక మూల కుప్పగా పడి మరో మూల బోడిగా మిగులుతుంది. ఒక చెంచా గింజలను పది చెంచాల పొడి ఇసుకలో కలిపి చల్లితే సమంగా పడతాయి, పైన అర సెంటీమీటరుకు మించి మట్టి కప్పకూడదు. వాతావరణం వెచ్చగా ఉంటే 3 నుంచి 5 రోజుల్లో మొలుస్తుంది. మొలవకపోతే విత్తనాన్ని అనుమానించే ముందు చీమలను అనుమానించాలి, అవి ఒక్క మధ్యాహ్నంలో ట్రే అంతా ఖాళీ చేయగలవు. ట్రేను నాలుగు చిన్న డబ్బాల మీద నిలబెట్టి ఆ డబ్బాలను నీళ్లున్న పళ్లేల్లో ఉంచితే చీమలు ఎక్కలేవు.

మెంతులు అన్నిటికన్నా మొండివి, రాత్రి నానబెట్టి 2, 3 సెంటీమీటర్ల ఎడంగా చల్లితే నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి. గోంగూరకు 30 సెంటీమీటర్ల కుండీలో రెండు మూడు మొక్కలు చాలు. బచ్చలి గింజ మొలవడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు కనుక ముదురు తీగ నుంచి మూడు నాలుగు కణుపులున్న ముక్క కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చడం తేలిక. పుదీనాను కూడా ముక్కలతోనే పెంచాలి. దానికి విడిగా ఒక కుండీ కేటాయించాలి, ఎందుకంటే అది మట్టి అడుగున తీగలు పంపి పక్కవాటిని ఊపిరాడనీయదు.

పాత విత్తనమైతే ఇరవై గింజలను తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండా చూస్తూ, ఆ పంటకు పట్టే రోజులు ఆగి లెక్కపెట్టాలి. పది మొలిస్తే రెట్టింపు చల్లాలి, అయిదు కన్నా తక్కువైతే పారేయాలి. గులాబీ, ఆకుపచ్చ వంటి రంగు పూసిన విత్తనం మందు పట్టించినదని గుర్తు, దాన్ని చేతితొడుగు లేకుండా ముట్టుకోకూడదు, మిగిలింది కదా అని వంటకు అసలే వాడకూడదు.

ఇక ఎన్ని చల్లాలన్నది. ఉన్న కుండీలన్నిటిలో ఒకే రోజు విత్తేయడం కొత్తవారందరూ చేసే పని. నెల తిరిగేసరికి తినలేనంత ఆకు ఒక్కసారే వస్తుంది, తరువాతి నెలంతా ఖాళీ కుండీలు. తోటకూరకు మూడు తొట్లుంటే పది రోజులకొకటి చొప్పున విత్తాలి. మూడో తొట్టి విత్తిన వారం, పది రోజులకు మొదటి తొట్టి కోతకు వస్తుంది, దాన్ని ఖాళీ చేసి మళ్లీ విత్తేసరికి రెండోది సిద్ధంగా ఉంటుంది. కొత్తిమీరకు ఈ వరుస ఇంకా ముఖ్యం, ఎందుకంటే అది ఒకటి రెండు కోతలకు మించి నిలవదు. కుండీ మీద విత్తిన తేదీ రాసి ఉంచితే చాలు, వేరే లెక్క అక్కర్లేదు.

ఎండ, వేడి

కాయగూరలకు కావలసినంత ఎండ ఆకుకూరలకు అక్కర్లేదు. రోజుకు నాలుగు నుంచి ఆరు గంటల నేరుటెండ, అదీ ఉదయపుదైతే, చాలా ఆకుకూరలకు సరిపోతుంది. తోటకూర మాత్రం వేడినీ, ఎక్కువ వెలుతురునూ ఇష్టపడే రకం, పూర్తి ఎండలో అది బలంగా వస్తుంది. మూడు గంటల ఎండే పడే చోట పుదీనా, కొత్తిమీర, బచ్చలి పెంచుకోవచ్చు. కాడలు సన్నగా సాగి, ఆకుల మధ్య దూరం పెరిగి, వెలుతురు వైపు వంగుతుంటే ఎండ చాలడం లేదని అర్థం. మధ్యాహ్నం ఆకులు వేలాడి సాయంత్రానికి తమంతట తామే లేస్తే భయం లేదు, ఉదయం కూడా వేలాడుతుంటేనే ఆలోచించాలి. వేడి తీవ్రంగా ఉండే నెలల్లో సగం వెలుతురు ఆపే షేడ్‌నెట్టును మొక్కలకు అర మీటరు పైన కట్టాలి. మొక్కలను తాకేలా కడితే గాలి ఆడక తెగుళ్లు వస్తాయి.

పూతకు రావడం గురించి ఒక మాట. కొత్తిమీర, పాలకూర పగలు పొడుగై వేడి ముదిరితే కాడ తీసి పూస్తాయి. తోటకూర, గోంగూర, బచ్చలి అందుకు విరుద్ధం, పగటి నిడివి తగ్గే రోజుల్లో త్వరగా పూతకు వస్తాయి. కాబట్టి అకాలంలో కంకి వేసిన తోటకూరను చూసి ఎరువు తక్కువైందని ఎరువు గుమ్మరించడం వృథా. ఆ రోజుల్లో దాన్ని పెద్దది కానివ్వకుండా ఇరవై అయిదు రోజులకే వేరుతో పీకి వాడుకోవాలి.

నీరు

మినహాయింపు ఇక్కడే. నీటిని కొంచెం కొంచెం చిలకరించకూడదు. పోసినప్పుడు అడుగు చిల్లుల నుంచి కారేదాకా పోయాలి, తరువాత పై మట్టి ఆరేదాకా ఆగాలి. రోజూ గుక్కెడు చొప్పున పోస్తే పై రెండు అంగుళాలు మాత్రమే తడిసి వేర్లు పైనే అల్లుకుంటాయి, ఒక్క పూట మరిచినా వాడిపోతాయి. ఎప్పుడు పోయాలో చెప్పడానికి గడియారం పనికిరాదు. చూపుడు వేలిని మొదటి కణుపు వరకు మట్టిలో గుచ్చి తీయాలి. వేలికి తడి రేణువులు అంటితే ఆ రోజుకు వద్దు, పొడిగా వస్తే పోయాలి. చిన్న కుండీలైతే ఇంకా సులువు: నీరు పోసిన వెంటనే ఒకసారి, ఆరాక ఒకసారి ఎత్తి చూస్తే ఆ తేడా చేతికి తెలిసిపోతుంది, వారం రోజుల్లో వేలితో పని లేకుండా పోతుంది. మండు వేసవిలో లోతు తక్కువ ట్రేలకు రెండు పూటలా నీరు పట్టవచ్చు, చలికాలంలో రెండు రోజులకొకసారి చాలు.

మొలకల దశలో మాత్రం పై మట్టి ఆరకూడదు, అలాగని ముద్ద కాకూడదు. సన్నని చిల్లులున్న రోజ్ క్యానుతో తలపైకెత్తి వాన కురిసినట్టు పోస్తే విత్తనాలు కొట్టుకుపోవు. లేత మొలక కాండం నేలను తాకే చోట సన్నబడి, నీరు కాచినట్టయి, నిలువునా పక్కకు పడిపోతే అది నారుకుళ్లు తెగులు. మందు కోసం పరుగెత్తే ముందు నీరు తగ్గించి, ఒత్తుగా ఉన్న చోట సగం మొలకలు తీసేసి గాలి ఆడనివ్వాలి. ఒకసారి పడిపోయిన మొలక లేవదు, పక్కవాటిని కాపాడుకోవడమే ఉపాయం. సాయంత్రం పొద్దుపోయాక ఆకుల మీద నీరు పోయడం ఈ తెగులుకూ, ఆకుమచ్చకూ కూడా ఆహ్వానం పలకడమే, ఉదయం పోయడం మేలు.

ఊరెళ్లి వచ్చేసరికి కొబ్బరి పొట్టు కలిసిన మట్టి పూర్తిగా ఎండిపోతే ఒక మోసం జరుగుతుంది. అది ముడుచుకుని కుండీ గోడలను వదిలేస్తుంది, పోసిన నీరు ఆ సందులోంచి నేరుగా కిందికి కారిపోతుంది, మనకేమో బాగా తడిసిందనిపిస్తుంది. అప్పుడు కుండీని సగం ఎత్తు వరకు నీళ్లున్న టబ్బులో అరగంట నిలబెట్టాలి. మట్టి కింది నుంచి తడిని పీల్చుకుని మళ్లీ ఉబ్బి గోడను అంటుకుంటుంది.

ఉప్పునీరు తప్ప మరొకటి లేని వారి కుండీల అంచున, మట్టి పైన తెల్లటి పొర కడుతుంది. నెలకొకసారి వాననీరు గానీ మంచినీరు గానీ కుండీ పరిమాణానికి రెట్టింపు పోసి కారనిస్తే పేరుకున్న లవణాలు కొట్టుకుపోతాయి. ఆ తరువాత ఎరువు కొంచెం వేయాలి, ఎందుకంటే లవణాలతో పాటు సారం కూడా పోతుంది.

ఎరువు

మొదట కలిపిన ఎరువు మూడు, నాలుగు వారాలు పోషిస్తుంది. పీకి వాడుకునే తోటకూర, మెంతికూరలకు ఆ తరువాత అవసరమే రాదు. మళ్లీ మళ్లీ కోసే పాలకూర, గోంగూర, బచ్చలి, పుదీనాలకు మాత్రం ప్రతి కోత తరువాత, లేదా పది పదిహేను రోజులకొకసారి, 20 లీటర్ల కుండీకి రెండు పిడికిళ్ల వానపాముల ఎరువు పైన చల్లి, మట్టిని వేళ్లతో పైపైన కదిపి నీరు పోయాలి. వేరుశనగ చెక్క వాడేవారు పిడికెడు చెక్కను రెండు లీటర్ల నీటిలో రెండు మూడు రోజులు నానబెట్టి, ఆ తేటకు పది రెట్లు నీరు కలిపి పోయాలి. చెక్కను పొడిగా మట్టి మీద చల్లితే బూజు, ఈగలు తప్పవు. నీటిలో కరిగే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది) వంటి ఎరువైతే లీటరుకు 1 గ్రాము మించకుండా, తడిగా ఉన్న మట్టికే పోయాలి.

ఆకు పసుపెక్కితే ఎక్కడ పసుపెక్కిందో చూడాలి. కింది ముదురు ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజని చాలలేదు. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదు, క్షారగుణం ఉన్న నీటితో పెంచే కుండీల్లో ఇది మామూలే. పైవీ కిందివీ కలిసి పసుపెక్కి మట్టి కూడా తడిగా ఉంటే ఎరువు సంగతి మరిచి అడుగు చిల్లులు చూడాలి. నత్రజని ఎక్కువైతే ఆకు ముదురాకుపచ్చగా, మెత్తగా, నీటితో ఉబ్బినట్టు పెరుగుతుంది. చూడముచ్చటగానే ఉంటుంది గానీ రసం పీల్చే పేనుబంక పురుగులకు అంతకన్నా విందు లేదు.

పురుగులు, తెగుళ్లు

రోజూ ఒక్క నిమిషం ఆకులను తిప్పి చూసే అలవాటు ఏ మందుకూ తీసిపోదు. పేనుబంక లేత చిగుళ్ల అడుగున గుంపుగా చేరుతుంది, మొదటి రోజుల్లో చూస్తే నీటి ధారతో కొట్టేయవచ్చు. తోటకూర, పాలకూర ఆకులు సాలెగూడు లాంటి దారాలతో ముడుచుకుని ఉంటే లోపల సన్నటి ఆకుపచ్చ పురుగు ఉంటుంది, ఆ ఆకును తుంచి నలిపేయడమే మార్గం. పాలకూర ఆకు మీద తెల్లటి వంకరగీతలు కనిపిస్తే అది పాముపొడ. పురుగు ఆకు పొరల మధ్య ఉండి తొలుస్తుంది కనుక పైన చల్లిన మందు దానికి సరిగా తగలదు, గీతలున్న ఆకులు తీసేయాలి. గోంగూర కాడల మీద దూది అంటించినట్టుంటే పిండినల్లి. తోటకూర ఆకు అడుగున తెల్లటి బుడిపెలు, పైన పసుపు మచ్చలు ఉంటే తెల్ల తుప్పు తెగులు, ఆ ఆకులను ఎరువు గుంతలో వేయకుండా దూరంగా పారేయాలి.

చేత్తో తీయలేనంత పెరిగితే లీటరు గోరువెచ్చని నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల ద్రవ సబ్బు వేసి, తెల్లగా పాలలా అయ్యేదాకా గిలకొట్టి, ఎండ తగ్గాక ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయాలి. ముందు ఒక మొక్క మీద ప్రయత్నించి మరునాడు మాడకపోతేనే మిగిలినవాటికి వాడాలి. పిచికారీ చేశాక కనీసం 5 రోజులు కోయకూడదు. రసాయన పురుగుమందులను ఇరవై రోజుల్లో కోసే పంట మీద వాడటంలో అర్థం లేదని నా అభిప్రాయం. అంతగా పాడైతే ఆ తొట్టి ఖాళీ చేసి మళ్లీ విత్తడమే చౌక, పది రోజుల ఎడంతో విత్తినవారికి పోయేది ఒక్క తొట్టే.

కోత

తోటకూర 25 నుంచి 30 రోజులకు, మెంతికూర 20 నుంచి 25 రోజులకు, పాలకూర 30 నుంచి 40, కొత్తిమీర 35 నుంచి 45 రోజులకు కోతకు వస్తాయి. కోసే తీరు మాత్రం అన్నిటికీ ఒకటి కాదు. పాలకూర చిగురు మొక్క నడిమధ్యలో, మట్టికి దగ్గరగా ఉంటుంది. కనుక చుట్టూ ఉన్న పెద్ద ఆకులను కాడతో తుంచి నడుమ ఉన్న నాలుగైదు లేత ఆకులను వదలాలి, లేదా మొదలుకు 3, 4 సెంటీమీటర్ల పైన మొత్తం కోయాలి. తోటకూరకు చిగురు పైన ఉంటుంది, 10 సెంటీమీటర్ల ఎత్తున కింద రెండు మూడు కణుపులు మిగిలేలా తల కోస్తే ఆ కణుపుల నుంచి కొమ్మలు వస్తాయి. గోంగూర, బచ్చలి కొనలను తుంచిన కొద్దీ గుబురవుతాయి. పుదీనాను మట్టికి 5 సెంటీమీటర్ల పైన కోయాలి. ఏ మొక్క నుంచైనా ఒకసారికి మూడో వంతు ఆకు మించి తీస్తే తిరిగి లేవడానికి ఆలస్యమవుతుంది. కోత ఉదయం చేస్తే ఆకు నిండుగా ఉంటుంది, మధ్యాహ్నం కోసినది గంటలోనే వడలుతుంది.

మట్టిని మళ్లీ వాడటం, విత్తనం కట్టడం

పంట అయిపోయిన మట్టిని పారేయనక్కర్లేదు. కుండీ బోర్లించి పాత వేర్లు తీసేసి, మట్టిని తడిపి పల్చటి ప్లాస్టిక్ పట్టా కింద రెండు మూడు వారాలు మంచి ఎండలో ఉంచితే చాలా పురుగు గుడ్లు, బూజులు చస్తాయి. ఆ తరువాత నాలుగో వంతు కొత్త ఎరువు, పిడికెడు వేపపిండి కలపాలి. పాలకూర తీసిన తొట్టిలో తోటకూర విత్తితే పంట మారినట్టు కాదు, అవి రెండూ ఒకే కుటుంబం. ఆ తొట్టిలో మెంతులు చల్లడం మేలు. మెంతి చిక్కుడు కుటుంబపు మొక్క, వేర్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. మెంతికూరను పీకకుండా కోసి, వేర్లను మట్టిలోనే కలిపేయవచ్చు.

తోటకూర, కొత్తిమీర, మెంతులకు సొంత విత్తనం కట్టుకోవడం కష్టమేమీ కాదు. కానీ మొదట పూసిన మొక్కను విత్తనానికి వదిలేయడం, ఎలాగూ తినడానికి పనికిరాదు కదా అనుకోవడం, ఏటేటా త్వరగా పూసే విత్తనాన్ని మనమే ఏరుకోవడం అవుతుంది. తొట్టిలో అందరికన్నా ఆలస్యంగా పూతకు వచ్చిన, ఆకు వెడల్పున్న రెండు మూడు మొక్కలకు దారం కట్టి గుర్తు పెట్టుకోవాలి, వాటి ఆకులు కోయకూడదు. తోటకూర కంకిని అరచేతిలో మెల్లగా రుద్దినప్పుడు నల్లగా మెరిసే గింజలు రాలితే కోసి, కాగితం సంచిలో తలకిందులుగా వేలాడదీయాలి. వారం పది రోజులు నీడన ఆరాక రాలిన గింజలను చెరిగి, పొడి సీసాలో పోసి, మీద పంట పేరూ కోసిన నెలా రాయాలి.